నలభై దీపాల్లో మూడు

నేను భయస్తురాలిని. ఈ ముక్క ముందే చెప్పేస్తే, తర్వాత నన్ను తిట్టుకోవడం మీకు సులువవుతుంది. లిఫ్టు ఎక్కను. బస్సులో ముందు సీటు దొరికితే దారి పొడుగునా డ్రైవరు మెడ చూస్తూ కూర్చుంటాను, కునుకు తీస్తున్నాడేమోనని. నా భయాలన్నీ రాస్తే ఒక నిఘంటువు అవుతుందని మా ఆయన అంటూ ఉంటారు.

కాకినాడలో డిగ్రీ పిల్లలకు మనస్తత్వ శాస్త్రం చెబుతాను. మొన్న మాఘమాసంలో మూడు రోజులు కర్నూలు, కడప జిల్లాలు తిరిగొచ్చాను. అటు వెళ్ళనివాళ్ళు అడిగితే ఎండ, రాయి, జొన్నరొట్టె అని చెప్పొచ్చు. కానీ నేను వెళ్ళింది ఊళ్ళు చూడటానికి కాదు, మనుషుల జాప్యం కొలవడానికి.

దీపం వెలగడానికీ, దాన్ని చూసి మనిషి వేలు కదలడానికీ మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది. వెలుగు కంట్లో పడాలి, కంటినుంచి మెదడు వెనక భాగానికి చేరాలి, అది దీపమేనని మెదడు తేల్చుకోవాలి, నొక్కమని వేలికి కబురు పెట్టాలి. ఇదంతా కలిపి సెకనులో నాలుగో వంతు, కాస్త అటూ ఇటూగా. ఆ ఖాళీ మనకు తెలియదు. చూశాం, నొక్కేశాం అనుకుంటాం. మెట్టపొలాల్లో కష్టపడేవాళ్ళకు వయసుతో పాటు ఆ ఖాళీ ఎంత పెరుగుతుందో చూడాలని మా మిత్రులు కొందరు తలపెట్టిన పనిలో నాదొక చిన్న వంతు. చేతిలో లాప్‌టాప్, దానికి తగిలించిన చెక్కపెట్టె, పెట్టె మీద ఒక ఎర్ర దీపం, ఒక బొత్తాం. నా సరంజామా అంతే.

కర్నూలు: ఉగ్గాని ప్లేటు పక్కన

పొద్దున్నే రైలు దిగేసరికి స్టేషను బయట కారు సిద్ధంగా ఉంది. మూడు రోజులకు మాట్లాడుకున్న బండి. డ్రైవరు పేరు మద్దిలేటి. నలభైకి ఒకటో రెండో తక్కువ. కల్లూరు వైపు కొత్త కాలనీలో ఉంటాడట, భార్య జాకెట్లు కుడుతుందట. నా పెట్టెని రెండు చేతులతో పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తి వెనక సీట్లో పెట్టాడు. మనిషి నచ్చాడు.

ముందు టిఫిను. మా వైపు మరమరాలంటే సాయంత్రపు కాలక్షేపం. ఇక్కడ వాటిని బొరుగులంటారు. నీళ్ళలో తడిపి, పిండేసి, ఉల్లిపాయలూ పచ్చిమిర్చీ వేసి తాలింపు పెట్టి, పైన పప్పుల పొడి చల్లి, ఉగ్గాని అని పొద్దున్నే మిరపకాయ బజ్జీతో పెడతారు. ప్లేటు నలభై రూపాయలు. మొదటి బజ్జీకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండోది మద్దిలేటి ప్లేటులోకి తోశాను.

రైలు కుదుపులకు పెట్టె పాడైందేమో చూసుకోవాలి. ఎదురుగా ఖాళీగా ఉన్న మనిషి అతనొక్కడే.

"ఏంది మేడం ఇది? నా మెదడు తూకమేస్తారా?" అన్నాడు.

"దీపం వెలిగితే నొక్కండి, అంతే. నలభై సార్లు వెలుగుతుంది."

భుజాలు సర్దుకుని కూర్చున్నాడు. మొదటి పదీ చూసి ముచ్చటేసింది. మా కుర్ర విద్యార్థులకంటే చురుకు. పన్నెండోసారి దీపం వెలిగింది. మద్దిలేటి నొక్కలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, దీపం వైపే ఉన్నాయి. వేలు బొత్తాం మీదే ఉంది. దీపం తన సమయం తాను వెలిగి ఆరిపోయింది. తర్వాతదానికి మళ్ళీ టక్కున నొక్కాడు. ఇరవై ఆరోసారి అలాగే అయింది. ముప్పై ఎనిమిదోసారి కూడా. ఒక్కొక్కటీ సుమారు మూడు సెకన్లు.

"రెండు మూడు వదిలేశారు కదూ?" అన్నాను, మామూలుగా అన్నట్టు.

"లేదే. అన్నీ నొక్కినా గదా."

పరధ్యానం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పరధ్యానంలో ఉన్నవాడు ఆలస్యంగానైనా నొక్కుతాడు, అయ్యో అంటాడు. ఇతనికి ఆ మూడు దీపాలు వెలగనే లేదు. గంటకు అరవై వేగంతో పోయే బండి మూడు సెకన్లలో యాభై మీటర్లు వెళుతుంది. యాభై మీటర్లు స్టీరింగు ముందు ఎవరూ లేనట్టే.

"ఎట్లుండాది మేడం నా తలకాయ? బాగుండాదా?"

నవ్వుతూనే అడిగాడు గానీ, జవాబు కోసం చూసిన చూపులో నవ్వు లేదు. అది నేను గమనించాను. గమనించి కూడా, "చాలా బాగుందండీ," అన్నాను.

మొహం విప్పారింది. చెయ్యి కడుక్కుని బయటికెళ్ళి ఎవరికో ఫోను చేశాడు. అతను రాకముందే పెట్టెని సర్వరు మీద ప్రయోగించాను, నా మీద ప్రయోగించుకున్నాను. ఇద్దరికీ నలభైకి నలభై. పెట్టెలో దోషం లేదు.

ఎందుకు చెప్పలేదని అడుగుతారు. మొదటిది, నేను డాక్టర్ని కాను. నా మాట తప్పయితే అతని పొట్ట కొట్టినదాన్నవుతాను. రెండోది, పెళ్ళిళ్ళ రోజులు, ఇంకో బండి దొరకదు. ఈ రెండూ నాకు నేను చెప్పుకున్నవి. అసలు సంగతి, ఎదుటి మనిషి మొహం చూస్తూ ఆ మాట అనడానికి భయమేసింది. కారు ఎక్కడానికి ఎంత భయమేసిందో అంతకంటే ఎక్కువ. అందుకని నోరు మూసుకుని కారెక్కాను.

కోడుమూరు: చర్చి వరండా

వెనక కూర్చోకుండా ముందు సీట్లో కూర్చున్నాను. గంటకు నలభై వేగం దాటొద్దన్నాను, నాకు కళ్ళు తిరుగుతాయని అబద్ధమాడాను. దారి పొడుగునా ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాను. ఇటు ఏం పండుతాయి, వాన ఎప్పుడు పడింది, మీ ఆవిడ జాకెట్టుకు ఎంత తీసుకుంటుంది. జవాబు రావడం ఒక్క క్షణం ఆలస్యమైతే నా చెయ్యి చేతిబ్రేకు వైపు పాకేది. పాపం అతను నన్ను వట్టి వసపిట్ట అనుకుని ఉంటాడు. రెండువైపులా చెనిక్కాయ, అదే మా వేరుశనగ, పీకేసిన చేలు, ఎర్రమట్టి, దూరంగా గుట్టలు. అవేవీ నేను సరిగా చూడలేదు. ఆ రోజు నేను చూసిన ప్రకృతి అంతా మద్దిలేటి కళ్ళే.

కోడుమూరు దగ్గర ఒక పల్లెలో పాతకాలపు చర్చి ఉంది. పాస్టరు గారు పన్నెండు మందిని పిలిపించి వరండాలో కూర్చోబెట్టారు. అందరూ కూలికి పోయేవాళ్ళు, కొందరికి ఎకరమో రెండెకరాలో ఉంది. పరీక్ష మొదలుపెట్టాను. అంకెలు చూసి బిత్తరపోయాను. ప్రతివాళ్ళూ దీపం వెలిగాక సెకనున్నర ఆగి నొక్కుతున్నారు. కొంపదీసి ఊరంతటికీ ఇదే జబ్బా అనుకున్నాను.

నాలుగో మనిషి దగ్గర అర్థమైంది. దీపం వెలగగానే ఆమె పక్కనే నిలబడిన పాస్టరు గారి మొహం చూస్తోంది. ఆయన తలూపాక నొక్కుతోంది.

"ఆయన్ని ఎందుకమ్మా చూస్తావు? దీపాన్ని చూడు," అన్నాను.

"అయ్యగారు నిలబడినాక మనమే ముందు పడి నొక్కితే ఏం బాగుంటాది?" అంది.

మా కాకినాడలో దీపం వెలగకముందే నొక్కేసేవాళ్ళతోనే నాకు తంటా. ఇక్కడ మర్యాద జాప్యమై కూర్చుంది. పాస్టరు గారిని కాఫీ నెపంతో లోపలికి పంపించాను. అందరి వేళ్ళకూ ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. ఈ మూడు రోజుల్లో నేను మనసారా నవ్వింది ఆ కాసేపే.

మధ్యాహ్నం దేవమ్మ అనే ముసలామె ఇంట్లో భోజనం. డెబ్భై దాటాయి, నలభై దీపాల్లో ఒక్కటీ వదల్లేదు. జొన్నరొట్టెలు అరచేతుల మధ్య తట్టి తట్టి పెనం మీద వేస్తుంటే, ఆ చప్పుడు వింటూ నేనూ మద్దిలేటీ తిన్నాం. రొట్టె, గోంగూరతో చేసిన పుంటికూర పప్పు, చెనిక్కాయల చట్నీ. మా వైపు రొట్టె అంటే జ్వరం వచ్చినవాళ్ళ తిండి. ఇక్కడ పెట్టిన రొట్టె తిని నేను మూడోదానికి చెయ్యి చాచాను. ఎంత ఇవ్వమంటావని అడిగితే, అన్నం పెట్టి దుడ్లు తీసుకుంటారా అని కసిరింది.

మద్దిలేటి చెయ్యి కడుక్కోవడానికి లేచి వెళ్ళాక ఆమె నా దగ్గరగా జరిగింది.

"ఆ డ్రైవరప్ప రొట్టె తుంచి నోటికాడ పెట్టుకొని అట్లే నిలిచిపోయినాడు. చూసినావా?"

నేను చూడలేదు. రొట్టె రుచిలో పడి, పొద్దుటినుంచి మొదటిసారి అతన్ని చూడటం మానేశాను.

"మా ఇంటాయనకు ఇట్లే ఉండె," అంది. "మాట్లాడతా మాట్లాడతా ఆగిపోయేటోడు. నాకు తెల్సు. ఎవరికన్నా చెప్తే పనికి పిలవరని చెప్పకపోతిని. ఒకనాడు బావిగట్టు మీద నిలబడి నీళ్ళు తోడతాండాడు. ఆడనే ఆగిపోయినాడు."

ఆమె పెనం దించి పొయ్యిలో నీళ్ళు చల్లింది.

"నువ్వు సదువుకున్నదానివి. ఆయప్పకు చెప్పు తల్లీ."

చెబుతానన్నాను. కడపలో నా చిన్ననాటి స్నేహితురాలు నరాల డాక్టరు. ఎలాగూ మూడోరోజు అక్కడికే వెళ్ళాలి. ఆమె ఎదురుగా చెబితే మంచిది కదా, ఈ రెండు రోజుల్లో మునిగిపోయేదేముంది అనుకున్నాను. పిరికితనానికి నేను పెట్టుకున్న మూడో పేరది.

వెల్దుర్తి దాటాక

రెండోరోజు బేతంచెర్ల వైపు, నాపరాయి గనుల్లో పనిచేసేవాళ్ళ దగ్గరికి ప్రయాణం. నా ప్రశ్నలన్నీ అయిపోయాయి. మద్దిలేటి కూనిరాగం తీస్తున్నాడు. నిన్నా తీశాడు గానీ నా వాగుడులో సరిగా వినలేదు. వేళ్ళతో స్టీరింగు మీద తాళం వేస్తూ, ఒకే వరుస, ఆగకుండా.

"చెక్కభజన పాటలు మేడం," అన్నాడు. "పదేండ్లు ఆడినా. చేతిలో రెండు చెక్కలు, కాలికి గజ్జెలు. ముప్పైమంది ఆడితే ఒక్క మనిషి ఆడినట్టు ఉండాల."

"ఇప్పుడు ఆడటం లేదా?"

"పోయినేడు తీసేసినారు. అందరి చెక్కలూ ఒక్కసారి పడాల్సినకాడ నాది పడేది కాదంట. నడిమధ్యలో నిలబడిపోతినంట. గురువు తాగొచ్చినానని అనుకున్యాడు. నేను చుక్క ముట్టను మేడం. అయినా అందరి ముందర కొబ్బరికాయ కొట్టించి తప్పు ఒప్పించినాడు."

నా పెట్టె నిన్న కనిపెట్టింది ఒక భజన గురువు ఏడాది కిందటే కనిపెట్టాడు. ఇప్పుడైనా చెప్పాలి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అతను మళ్ళీ పాట అందుకున్నాడు, దారి వంకరగా ఉంది, ఇప్పుడు చెబితే కంగారుపడి ఏం చేస్తాడో అనిపించింది. కారు ఆగినప్పుడు చెబుదాంలే అనుకున్నాను. పాట వింటూ కూర్చున్నాను. పాట ఉన్నంతసేపూ మనిషి ఉన్నట్టే కదా అని ధైర్యం తెచ్చుకున్నాను.

పాట ఆగింది.

ముందు దారి ఎడమకు తిరుగుతోంది. కుడివైపు రోడ్డు పక్కన నాపరాళ్ళు నిలువెత్తు పేర్చి ఉన్నాయి. ఆ నీడలో ఒక మనిషి క్యారియరు విప్పుకుని అన్నం తింటున్నాడు. స్టీరింగు మీద వేళ్ళు తాళం మధ్యలో ఆగిపోయాయి. మద్దిలేటి కళ్ళు తెరిచే ఉన్నాయి.

అప్పుడు నేనేం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది. అరవలేదు. బ్రేకు లాగలేదు. ఇరవై ఏళ్ళ అలవాటు, మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి. కారు మలుపు తిరగకుండా నేరుగా పోతోంది. రెండు. తినే మనిషి తలెత్తి చూశాడు. మూడు. చక్రాలు రోడ్డు దిగి మట్టిలో పడ్డాయి. ఆ కుదుపుకు నేనూ మేలుకున్నాను. రెండు చేతులా చేతిబ్రేకు లాగాను. కారు గిర్రున పక్కకు తిరిగి, రాళ్ళ దొంతరను రాసుకుంటూ పోయి ఆగింది. పైన రెండు పలకలు జారి బానెట్ మీద పడ్డాయి.

ఆ మనిషికీ మా బంపరుకూ మధ్య ఒక మంచం పట్టేంత చోటు ఉంది. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"ఏమప్పా, కండ్లు యాడ పెట్టుకున్యావ్?" అని అరుచుకుంటూ వచ్చాడు. పేరు మౌలాలి, గనిలో మేస్త్రీ. మద్దిలేటి మొహం చూసి కోపం చల్లారిపోయింది. "దిగప్పా, దిగు. నీళ్ళు తాగు. పాణం పోలేదు గదా ఎవురికీ," అని తన సీసా ఇచ్చాడు.

మద్దిలేటి తాగలేదు. మట్టిలో కూర్చుని నావైపు చూశాడు.

"ఎంతసేపు పోయినా మేడం?"

"మూడు సెకన్లు."

"పాట యాడ తెగిందో నాకు తెల్సు. మళ్ళీ యాడ పట్టుకున్యానో తెల్సు. నడిమధ్య ఏముండాదో తెలీదు." అరచేతుల మట్టి దులుపుకున్నాడు. "అందుకే పాడుకుంటా మేడం. ఏడాది నుంచి. తెగితే తెలుస్తాదని."

అంటే అతనికి ముందే తెలుసు. నా పెట్టెకంటే చిన్న యంత్రంతో, నాకంటే ఎక్కువ కాలం నుంచి, తన జాప్యం తాను కొలుచుకుంటున్నాడు. అప్పుడైనా నిన్నటి మూడు దీపాల సంగతి చెప్పొచ్చు. చెప్పలేదు. "రేపు నాతో కడప రండి, డాక్టరుకు చూపిద్దాం," అని మాత్రం అన్నాను.

బస్సులో

బండి యజమాని మనిషిని పంపి కారు తీసుకుపోయాడు. నా గని పని అక్కడితో సరి. ఆ పూట మౌలాలి ఇంట్లోనే తలదాచుకున్నాం. వాళ్ళావిడ చక్కెర దండిగా వేసి టీ ఇచ్చింది, రెండు గ్లాసులు తాగాను.

మూడోరోజు తెల్లవారగానే బనగానపల్లె మీదుగా బస్సులు మారుతూ కడప ప్రయాణం. మద్దిలేటి కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు వేగం తగ్గిన ప్రతిసారీ కుడికాలు తనంతట తాను కిందకు నొక్కుతోంది. పాడటం లేదు. నేను డ్రైవరు మెడ చూస్తున్నాను, మద్దిలేటి మొహం చూస్తున్నాను. ఇద్దరిలో ఎవరికోసం ఎక్కువ భయపడాలో తెలియలేదు.

"స్టీరింగ్ తీసేస్తే నేనేం చేయాల మేడం? నాకు ఇంకో పని రాదు," అన్నాడు ఒకసారి.

కడప: జిగురు ఆరకముందు

బస్టాండు దగ్గర ఎర్రకారం దోశ పెట్టించాను. కారం చూస్తేనే చెమట పట్టింది. అతను సగం తిని వదిలేశాడు.

నా స్నేహితురాలు అతన్ని పడుకోబెట్టి, తలంతా జిగురు రాసి, సన్నని తీగలు అంటించింది. తెర మీద గీతలు కదిలాయి. మెదడు మాట్లాడుకునే మాటలవి. చాలాసేపు సన్నగా, గజిబిజిగా నడిచాయి. ఉన్నట్టుండి ఒకచోట గీతలన్నీ ఒక్కసారిగా లేచాయి, పడ్డాయి, లేచాయి, పడ్డాయి. ముప్పై జతల చెక్కలు ఒక్కసారి మోగినట్టు. మళ్ళీ సర్దుకున్నాయి. మద్దిలేటికి ఏమీ తెలియలేదు. గోడమీది బల్లిని చూస్తున్నాడు.

"మూర్ఛలో ఇదొక రకం," అంది ఆమె అతన్ని లేపి కూర్చోబెట్టి. "పడిపోరు, కొట్టుకోరు. కాసేపు ఆగిపోతారు, అంతే. మందులున్నాయి. చాలామందికి తగ్గుతుంది. కానీ నేను సరే అనేదాకా బండి ముట్టకూడదు."

అతను తలూపాడు. కాగితం తీసుకుని వివరాలు రాసుకుంటూ ఆమె అడిగింది. "ఇలా ఆగిపోవడం బయటివాళ్ళలో మొదట ఎవరు చూశారు?"

దేవమ్మ పేరూ, గురువు పేరూ నా నోటిదాకా వచ్చాయి. ఈలోపే మద్దిలేటి అందుకున్నాడు.

"ఈయమ్మే. నిన్న బండిలో చూసి బ్రేకు లాగింది. ఈయమ్మ లేకుంటే ఆ సాయిబు పోయుండును, నేను జైల్లో ఉందును."

"నిన్న మధ్యాహ్నం," అని రాయబోయింది ఆమె.

"కాదు," అన్నాను. "మొన్న పొద్దున, ఎనిమిదింటికి."

ఇద్దరూ నావైపు తిరిగారు.

"ఉగ్గాని తిన్న చోట. నలభై దీపాల్లో మూడు మీరు చూడలేదు మద్దిలేటి గారూ. నాకు అప్పుడే తెలుసు."

"బాగుండాదని చెప్పినారు గదా మేడం."

"అబద్ధం చెప్పాను. భయమేసింది."

అతని జుట్టులో జిగురు ఇంకా ఆరలేదు. చేత్తో తడుముకున్నాడు.

"నేను ఆ పొద్దే మా ఇంటామెకు ఫోన్ చేసినా," అన్నాడు నెమ్మదిగా. "ఏడాదిగా ఆస్పత్రికి పోదాం రా అని ఏడుస్తాండాది. నాకు భయం, పోలేదు. మిషన్ పెట్టి చూసినారు, నా తలకాయలో ఏమీ లేదంట అని చెప్పినా. ఇంక పాడుకునే పని గూడా లేదులే అనుకున్యా. అలవాటుకొద్దీ పాడినా అంతే. ఆయమ్మ సంతోషపడి..."

మాట అక్కడ ఆగిపోయింది.

కళ్ళు తెరిచే ఉన్నాయి, నా మొహం మీదే ఉన్నాయి. అది జబ్బు తెచ్చిన ఖాళీయో, నన్నేమనాలో మనిషి తేల్చుకుంటున్న ఖాళీయో నాకు తెలియలేదు. గీతలు చూపించే తెర ఆపేసి ఉంది. అలవాటుకొద్దీ మనసులో ఒకటి అని మొదలైంది. రెండు అనలేదు. లేచి వెళ్ళి అతని రెండు చేతులూ పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి.

"మద్దిలేటి గారూ," అన్నాను.

"ఉండా మేడం," అన్నాడు. "ఈడనే ఉండా."